ఓపిక అభిమానికేనా, జట్టుకు అక్కర్లేదా?

2026 ఫిబ్రవరి 8, ఆదివారం రాత్రి శాంటా క్లారాలో అమెరికన్ ఫుట్‌బాల్ లీగు ఫైనల్, సూపర్ బౌల్ అయిపోయింది. సియాటిల్ సీహాక్స్ 29-13తో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌ను ఓడించి ట్రోఫీ ఎత్తుకుంది. గెలిచిన జట్టు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని దాడి నడిపేవాడు, శామ్ డార్నాల్డ్. అవును, ఆ డార్నాల్డే. 2018 డ్రాఫ్టులో, అంటే జట్లు కాలేజీ కుర్రాళ్లను వంతులవారీగా ఏరుకునే చోట, మూడో స్థానంలో ఎంచుకుని, ఇక కష్టాలు గట్టెక్కినట్టేనని న్యూయార్క్ జెట్స్ ఊరేగించి, మూడే మూడు సీజన్లకు కరోలినాకు తోసేసిన కుర్రాడు. 2019 అక్టోబరులో ఇదే పేట్రియట్స్ చేతిలో జెట్స్ 33-0తో చిత్తయిన రాత్రి, బెంచీ దగ్గర 'నాకు దయ్యాలు కనిపిస్తున్నాయ్' అని అతడు అనుకున్న మాట ఒంటికి తగిలించిన మైకు పుణ్యమా అని దేశమంతా విన్నది. విని నవ్వింది. ఆ రాత్రి బంతిని నాలుగుసార్లు ఎదుటి జట్టు చేతికే విసిరి ఇంటర్‌సెప్షన్లు ఇచ్చినవాడు, ఇప్పుడు అదే పేట్రియట్స్ మీద గెలిచి విజేతల ఉంగరం తొడుక్కోబోతున్నాడు.

సంతోషమే. అయితే ఈ సంపాదకీయం అతడి గురించి కాదు. ఆ రాత్రి నుంచి జెట్స్ అభిమానుల మధ్య నడుస్తున్న రచ్చ గురించి, ఆ రచ్చను చూస్తూ తనకేమీ పట్టనట్టు కూర్చున్న యాజమాన్యం గురించి. డార్నాల్డ్ గెలిచాడని మురిసిపోయినవాడు అసలు జెట్స్ అభిమానేనా అని కొందరి ప్రశ్న. ఇన్నేళ్ల దరిద్రానికి విసిగి టికెట్లు వదులుకున్నవాడు అభిమాని కాదట. స్టేడియంలో సొంత క్వార్టర్‌బ్యాక్‌ను హేళన చేసినవాడు కాదట, చేయనివాడు మరీ మెతకట. నిజమైన అభిమాని అంటే నోరు మూసుకుని, ఏటా డబ్బు కట్టి, ఏటా ఓపిక పట్టేవాడట. ఈ చివరి మాటే మాకు మండించింది.

ఎందుకంటే ఓపిక గురించి మాట్లాడే అర్హత ఈ జట్టుకు లేదు. 1969 జనవరిలో జో నేమత్ గెలిపించిన సూపర్ బౌలే మొదటిదీ ఆఖరిదీ. 2010 సీజన్ తర్వాత ప్లేఆఫ్ ముఖం చూడలేదు, అంటే వరసగా 15 సీజన్లు. లీగులో ఇప్పుడు ఇంత కాలంగా బయటే ఉన్న జట్టు మరొకటి లేదు. ఇన్నాళ్లూ అభిమాని ఓపిక పట్టాడు. జట్టు మాత్రం చేతికొచ్చిన కుర్రాడికి మూడేళ్లకు మించి ఇవ్వలేకపోయింది.

ఇచ్చిన ఆ మూడేళ్లైనా ఎలా ఇచ్చింది? డార్నాల్డ్‌ను ఎంచుకున్న జనరల్ మేనేజర్‌ను ఏడాది తిరిగేసరికి, 2019 మేలో, పంపేశారు. తొలి సీజన్ కోచ్ టాడ్ బౌల్స్ అంతకుముందే పోయాడు, ఆడమ్ గేస్ వచ్చాడు. గేస్‌తో పాటు కొత్త పద్ధతి, కొత్త పిలుపులు, ఎత్తుగడలు రాసిన కొత్త పుస్తకం. 2020 సీజన్ ముగియగానే గేస్ కూడా పోయాడు. కొత్త కోచ్ రాబర్ట్ సాలే అడుగుపెట్టగానే, కుర్రాడు పాతబడ్డాడని తేల్చి 2021 ఏప్రిల్‌లో డార్నాల్డ్‌ను అమ్మేసి, అదే నెలలో రెండో స్థానంలో జాక్ విల్సన్‌ను తెచ్చుకున్నారు. విల్సన్‌కూ మూడు సీజన్లే, ఆపైన డెన్వర్‌కు సాగనంపారు. అంతకుముందు 2016లో రెండో రౌండులో ఎంచుకున్న క్రిస్టియన్ హాకెన్‌బర్గ్ అయితే లీగు మ్యాచ్‌లో ఒక్క స్నాప్, అంటే బంతి అందించి మొదలుపెట్టే ఒక్క ఎత్తు కూడా, ఆడకుండానే వెళ్లిపోయాడు. ఇంకో క్వార్టర్‌బ్యాక్ జీనో స్మిత్ సంగతి ఇంకా విచిత్రం. 2015 ఆగస్టులో లాకర్ రూమ్‌లో సొంత జట్టువాడే గుద్దితే దవడ విరిగింది, ఆ దవడతో పాటే ఇక్కడ అతడి కథా ముగిసింది. అతడే తర్వాత సియాటిల్ వెళ్లి 2022లో, మళ్లీ పుంజుకున్న ఆటగాడికిచ్చే 'కమ్‌బ్యాక్ ప్లేయర్' అవార్డు తీసుకున్నాడు. జెట్స్ పారేసినవాళ్లు ఇద్దరు, ఇద్దరినీ ఏరుకుని వాడుకున్న ఊరు ఒక్కటే. ఇంకేం రుజువు కావాలి?

క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి బలంగా విసిరేవాడని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి రెండు ముక్కలు. బంతి చేతికి అందాక అతడికి దొరికేది రెండున్నర, మూడు సెకన్లు. దానికి ముందే ఎదుటి డిఫెన్స్ ఎలా నిలబడింది, ఎవడు దూసుకొస్తాడు, ఎవడు వెనక్కి జారతాడు అన్నది చదవాలి, హెల్మెట్‌లో వినిపించిన పొడవాటి పిలుపును పది మందికి అర్థమయ్యేలా చెప్పాలి, అవసరమైతే ఆఖరి క్షణంలో మార్చాలి. ఇది కండల పని కాదు, అలవాటు పని. ఆ అలవాటు పడుతున్నవాడి చేతిలోంచి ఏటా పుస్తకం లాక్కుని ఇంకో పుస్తకం పెడితే, ముందు కాపలా నిలబడే లైన్ కూడా ఎదుటివాళ్లను ఆ మూడు సెకన్లు ఆపలేకపోతే, దయ్యాలు కనిపించక దేవుళ్లు కనిపిస్తారా?

గ్రీన్ బే ప్యాకర్స్ ఏం చేసిందో అందరికీ తెలుసు. 2005లో ఎంచుకున్న ఆరన్ రాడ్జర్స్‌ను బ్రెట్ ఫావ్ వెనక మూడేళ్లు కూర్చోబెట్టింది. 2020లో ఎంచుకున్న జోర్డన్ లవ్‌ను అదే రాడ్జర్స్ వెనక మూడేళ్లు కూర్చోబెట్టింది. ఆ మూడేళ్లలో ఎవరూ వాళ్లను టీవీల్లో ఏకిపారేయలేదు, ఎవరూ 'బస్ట్' అని, అంటే పనికిరాని సరుకని, ముద్ర కొట్టలేదు. డార్నాల్డ్ బాగుపడింది కూడా అలాంటి చోటే. 2023లో శాన్ ఫ్రాన్సిస్కోలో బ్రాక్ పర్డీ వెనక ఏడాది కూర్చున్నాడు, మళ్లీ ఓనమాలు దిద్దాడు, 2024లో మిన్నెసోటాకు 14-3, అంటే 14 గెలుపులు, 3 ఓటములు, తెచ్చిపెట్టాడు, 2025లో సియాటిల్‌కూ 14-3 తెచ్చిపెట్టాడు. మిన్నెసోటా కూడా అతణ్ని వదులుకుందనుకోండి, ఆ ఏడుపు వాళ్లది.

జెట్స్ చేసిందేమిటి? కుర్రాళ్లను పెంచడం చేతగాక, ఎవరో పెంచినవాణ్ని ముసలితనంలో తెచ్చుకుంది. 2023 సెప్టెంబరు 11న రాడ్జర్స్ జాతీయ జెండా పట్టుకుని మైదానంలోకి పరుగెత్తుకొస్తుంటే మెట్‌లైఫ్ స్టేడియం ఊగిపోయింది. నాలుగో స్నాప్‌కు మడమ వెనక స్నాయువు తెగింది, సీజన్ పోయింది. మరుసటి ఏడాది 5-12. అయిదు మ్యాచులకే సాలేను పీకేశారు, నవంబరులో జనరల్ మేనేజర్‌నూ పీకేశారు. ఆ తర్వాత కోచ్‌గా ఆరన్ గ్లెన్ వచ్చాడు, క్వార్టర్‌బ్యాక్‌గా జస్టిన్ ఫీల్డ్స్ వచ్చాడు, 2025 సీజన్ 0-7తో మొదలైంది.

అప్పుడు యజమాని వుడీ జాన్సన్ నోరు విప్పాడు. తప్పు కోచ్‌ది కాదట, ఇలాంటి రేటింగ్ ఉన్న క్వార్టర్‌బ్యాక్‌తో నెట్టుకురావడం కష్టమట. 2000లో జట్టు కొన్నప్పటి నుంచి ఎంతమంది క్వార్టర్‌బ్యాకులు ఈయన కళ్ల ముందే వచ్చి పోయారో లెక్కేసుకుంటే ఆ మాట గొంతు దాటేది కాదు. ఆడలేక మద్దెల ఓడు అనడం అంటే ఇదే. ఫీల్డ్స్‌ను తెచ్చింది ఎవరు, అభిమానులా? ఆ వారమే ఫీల్డ్స్ సిన్సినాటికి వెళ్లి 39-38తో తొలి విజయం తెచ్చాడు. అయినా నవంబరు మధ్యలో బెంచీ ఎక్కించారు. అదే నెలలో డిఫెన్స్‌కు స్తంభాల్లాంటి సాస్ గార్డ్‌నర్‌ను, క్విన్నెన్ విలియమ్స్‌ను అమ్మేశారు. జట్టు 3-14తో ముగించింది, సీజన్ మొత్తంలో డిఫెన్స్ ఒక్క ఇంటర్‌సెప్షన్ కూడా పట్టలేదు, లీగు చరిత్రలో ఎవరికీ దక్కని ఘనత అది. డిఫెన్స్ కోచ్ అయిన డిఫెన్సివ్ కోఆర్డినేటర్ డిసెంబరులోనే ఔట్, దాడి నేర్పే అఫెన్సివ్ కోఆర్డినేటర్ ఒక్క సీజన్‌కే ఔట్. మళ్లీ కొత్త పుస్తకం.

ఇదంతా చేసినవాళ్లు అభిమానిని ఓపిక పట్టమంటున్నారు!

డ్రాఫ్ట్ అన్ని జట్లకూ జూదమే, డార్నాల్డ్ కరోలినాలోనూ తడబడ్డాడు కదా, నేరమంతా జెట్స్ మీద వేయడం న్యాయమా అనేవాళ్లున్నారు. ఒక్కడి విషయంలో అయితే ఒప్పుకునేవాళ్లం. ఒకే ఇంట్లో వరసగా అందరూ చెడిపోయి, గడప దాటాక అందులో ఇద్దరు బాగుపడితే తప్పు పిల్లలది కాదు.

క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ దీనికి ఇంకో మచ్చు. 2018లో మొదటి స్థానంలో ఎంచుకున్న బేకర్ మేఫీల్డ్ 2020 సీజన్‌లో పిట్స్‌బర్గ్‌ను వాళ్ల ఊళ్లోనే ప్లేఆఫ్‌లో ఓడిస్తే, రెండేళ్లు తిరక్కుండా అతణ్ని పక్కకు నెట్టి, ఇరవై మందికి పైగా మహిళలు లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలు చేసిన డెషాన్ వాట్సన్‌కు 23 కోట్ల డాలర్లు గ్యారంటీగా రాసిచ్చారు. అప్పుడు అక్కడా ఇదే పాట. నిజమైన అభిమాని అయితే జట్టు వెంట నిలబడాలి. నిలబడలేం, మా ఇంట్లో ఆడపిల్లలున్నారు అన్నవాళ్లను అభిమానులే కారన్నారు. మేఫీల్డ్ టాంపాలో హాయిగా ఆడుకుంటున్నాడు. వాట్సన్ దేనికి పనికొచ్చాడో బ్రౌన్స్ యాజమాన్యమే చెప్పాలి.

అసలు అభిమాని ఏం పెడుతున్నాడో చూడండి. 2010లో మెట్‌లైఫ్ తెరిచినప్పుడు కింది అంతస్తు సీట్లకు జెట్స్ లైసెన్సులు అమ్మింది. వేల డాలర్లు పోసి కొన్నా మ్యాచ్ చూడనివ్వరు, సీజన్ టికెట్ కొనుక్కునే హక్కు మాత్రమే అది, టికెట్ డబ్బు మళ్లీ వేరే. కొన్న ఏడాది జట్టు ప్లేఆఫ్‌కు వెళ్లింది, ఆ తర్వాత ఇప్పటిదాకా లేదు. ఆ సీటులో కూర్చున్న మనిషి డిసెంబరు చలిలో సెకాకస్‌లో రైలు మారి వచ్చి, మూడో క్వార్టర్‌కే తేలిపోయిన మ్యాచ్‌కు జె-ఇ-టి-ఎస్ అని అరిచి, అర్ధరాత్రి ఇల్లు చేరతాడు. అలమరాలో వేలాడే ఆకుపచ్చ జెర్సీలు చూస్తే చాలు, శాంచెజ్ 6, డార్నాల్డ్ 14, విల్సన్ 2, రాడ్జర్స్ 8. ఒక్కోటి వంద డాలర్లకు తక్కువ కాదు. ఇంతకంటే ఏం రుజువు చూపించాలి, రేషన్ కార్డా?

ఫైర్‌మన్ ఎడ్ సంగతి మరిచారా? ఏళ్ల తరబడి స్టేడియంలో అందరితో జట్టు పేరు అక్షరం అక్షరం పలికించిన మనిషి. 2012 థాంక్స్‌గివింగ్ రాత్రి, మార్క్ శాంచెజ్ సొంత లైన్‌మన్ పిరుదులకు గుద్దుకుని బంతి వదిలేసిన ఆ మ్యాచ్‌లో, మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు. ఒంటి మీద శాంచెజ్ జెర్సీ ఉందని తోటి అభిమానులే గొడవలకు దిగారని చెప్పాడు. జట్టు ఆడిన దరిద్రపు ఆటకు జట్టును అడగలేక, పక్క సీటువాడి కాలర్ పట్టుకున్నారు. ఇప్పుడు డార్నాల్డ్ పేరు మీద జరుగుతున్నదీ అదే. మీరు మీరు కొట్టుకుంటే కింద మనుషులు మారతారు, పైన యజమాని కుర్చీ మాత్రం కదలదు.

హైదరాబాద్ వాళ్లకు ఇది కొత్త కాదు. 2016లో సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చిన డేవిడ్ వార్నర్‌ను 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి తప్పించి, ఆపైన జట్టులోంచే పక్కన పెడితే, అడిగినవాళ్లను జట్టు కంటే ఆటగాడు ముఖ్యమా అని తిట్టినవాళ్లు మన దగ్గరా ఉన్నారు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, ఆ చుట్టుపక్కల ఉంటున్న మనవాళ్ల ఇళ్లలో ఇప్పుడు ఇంకో ముచ్చట. తల్లిదండ్రులకు రూల్స్ అర్థమయ్యేలోపే పిల్లలు జెట్స్ అనో జెయింట్స్ అనో వర్గాలు కట్టేస్తారు. డార్నాల్డ్ గెలిస్తే నేను సంతోషించకూడదా అని ఆ పిల్ల అడిగితే ఏం చెబుతారు? సంతోషించమ్మా అని చెప్పండి. తన జట్టు పోగొట్టుకున్నది మంచిదని తెలిసిన అభిమానికి కలిగేది ద్రోహబుద్ధి కాదు, కడుపుమంట. జట్టు మీద మమకారం లేనివాడికి అది కలగదు కూడా.

సర్టిఫికెట్లు పంచేవాళ్లకు ఒక్క మాట. హేళన చేసినవాడూ అభిమానే, లేచి వెళ్లిపోయినవాడూ అభిమానే. పదిహేనేళ్లు డబ్బు కట్టి ఈ ఏడాది కట్టనన్నవాడు మీకంటే గట్టి అభిమాని, ఎందుకంటే యజమానికి వినబడే భాషలో మాట్లాడింది అతడొక్కడే.

జాన్సన్ గారికి, గ్లెన్ గారికి. 2026 ఏప్రిల్‌లో పిట్స్‌బర్గ్‌లో డ్రాఫ్ట్. రెండో పిక్ మీదే. గార్డ్‌నర్‌ను అమ్మిన బాపతు ఇంకోటి మొదటి రౌండులోనే ఉంది, 2027లో మొదటి రౌండులో మూడున్నాయి. ఈ ఏడాదో వచ్చే ఏడాదో మళ్లీ ఒక ఇరవై రెండేళ్ల కుర్రాణ్ని తెచ్చి, కొత్త జెర్సీ కుట్టించి, వంద డాలర్లకు మాకు అమ్ముతారు. ఈసారైనా అతడికి ముందు లైన్ కట్టండి. కోఆర్డినేటర్‌ను కనీసం మూడేళ్లు కదపకండి. మొదటి ఏడాది కూర్చోబెట్టే ధైర్యం తెచ్చుకోండి. ఏడు మ్యాచులు ఓడితే మైకు ముందుకొచ్చి ఆ కుర్రాడి రేటింగ్ చదివి వినిపించకండి. అవేవీ చేతకాకపోతే అభిమానం గురించి, ఓపిక గురించి మాకు పాఠాలు మాని, ఆ సీటు లైసెన్సు డబ్బులు వెనక్కి ఇవ్వండి.