హార్స్‌పవర్‌ను బరువుతో భాగిస్తే కార్లు సమానం కావు

సిమ్ రేసింగ్ (అసలు కార్ల తీరును అనుకరించే రేసు గేములు) లీగులు నడుపుకునేవాళ్ల మధ్య ఒక చిట్కా తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "ప్రతి కారు హార్స్‌పవర్‌ను దాని బరువుతో భాగించండి. దగ్గర దగ్గర అంకెలు వచ్చినవన్నీ ఒకే గ్రూపు. ఇంకా తేడా మిగిలితే వేగంగా ఉన్న కారుకు బరువు తగిలించండి. ఇక గెలుపోటములు డ్రైవరు చేతిలోనే." లెక్క రెండు నిమిషాల్లో తేలిపోతుంది కాబట్టి అందరికీ నచ్చుతుంది. అలా కట్టిన గ్రిడ్‌లో (రేసులో దిగే కార్ల వరుసలో) మాత్రం నాలుగు రేసులు తిరక్కుండానే సగం మంది ఒకే కారులోకి మారిపోతారు. ఆ చిట్కాలోని మాటల్ని ఒక్కొక్కటే తీసుకుందాం.

"నిష్పత్తి ఒకటైతే వేగమూ ఒకటే"

1,000 కిలోల కారుకు 300 హార్స్‌పవర్, 1,500 కిలోల కారుకు 450. రెండింటికీ నిష్పత్తి 0.3. గాలిని చీల్చుకుపోయే ముందు భాగం, ఆకారం రెండింటికీ ఒకేలా ఉన్నాయనుకుందాం. గాలికి కారు బరువుతో పనిలేదు. ఎదురుగాలిని నెట్టడానికి కావలసిన పవర్ వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. గేర్‌బాక్సులో 15 శాతం పోయిందనుకుని, డ్రాగ్ గుణకాన్ని (ఆకారం గాలికి ఎంత అడ్డో చెప్పే అంకె) ముందు వైశాల్యంతో గుణిస్తే 0.7 చదరపు మీటర్లు వచ్చిందనుకుని, టైరు రాపిడి వదిలేసి లెక్కగడితే, మొదటి కారు గంటకు 276 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. రెండోది 316 దాకా వెళ్తుంది. నలభై కిలోమీటర్ల తేడా! మోంజా లాంటి వేగవంతమైన ట్రాక్‌లో తేలిక కారు ఎన్ని మూలల్లో సంపాదించుకున్నా స్ట్రెయిట్ (నేరుగా సాగే దారి) మీద అంతా పోతుంది.

అదే జంటను మాజియోనే లాంటి రెండున్నర కిలోమీటర్ల చిన్న ట్రాక్ మీదికి తీసుకెళ్లండి, కథ తిరగబడుతుంది. టైరు మీద బరువు పెరిగేకొద్దీ దాని పట్టు అదే దామాషాలో పెరగదు, కాస్త వెనకబడుతుంది. అందుకే బరువైన కారు మూలలో నెమ్మదిస్తుంది. బ్రేకులు ఒకటిన్నర రెట్లు శక్తిని వేడిగా మార్చాలి, టైర్లూ ముందే అరిగిపోతాయి. కాబట్టి గ్రూపు కట్టేటప్పుడు మొదట చూడాల్సింది టైరు. రోడ్డు టైరు, సెమీ స్లిక్ (కొద్దిపాటి గాడులున్నది), స్లిక్ (గాడులు లేని రేసు టైరు): ఈ మూడూ ఒకే గ్రూపులో కలవకూడదు. తర్వాత డౌన్‌ఫోర్స్ (గాలి కారును కిందికి నొక్కే బలం) ఎంత, ఇంజను ఎక్కడుంది, అది ఏ చక్రాలను తిప్పుతుంది. ఇవన్నీ అయ్యాకే పవర్.

పవర్ అన్నా ఏ పవర్? 400 హార్స్‌పవర్ ఇచ్చే టర్బో లేని ఇంజను ఆ అంకెను 8,500 ఆర్‌పీఎమ్ దగ్గరే ఇవ్వొచ్చు. మూడో గేరు నుంచి నాలుగుకు మారితే, రెండింటి మధ్య నిష్పత్తి 1.3 అయితే, ఇంజను సుమారు 6,500కు పడిపోతుంది. అక్కడ దాని బలం తక్కువ. మంచి టర్బో ఇంజను ఆ మధ్య అంతా దాదాపు పూర్తి బలంతో లాగుతూనే ఉంటుంది. అందుకే శిఖరం అంకె పక్కన పెట్టి, గేరు మార్చే ఆర్‌పీఎమ్‌కూ మార్చాక పడే ఆర్‌పీఎమ్‌కూ మధ్య సగటు పవర్ రాసుకోండి.

ఇంకో చిక్కు. అసెట్టో కోర్సా గేమ్ మెనూలో కనిపించే హార్స్‌పవర్, బరువు కేవలం రాతలు. అవి యూఐ (తెర మీద చూపే వివరాల) ఫైల్‌లో చేత్తో టైపు చేసినవి, ఫిజిక్స్‌కు వాటితో సంబంధం లేదు. మోడ్ కార్లలో (ఆటగాళ్లే తయారుచేసి గేమ్‌లో చేర్చినవి) ఈ రెండూ పొంతన లేకుండా ఉండటం మామూలే. అసలు బరువు car.ini (కార్ డాట్ ఐఎన్ఐ) ఫైల్‌లోని టోటల్‌మాస్ దగ్గర, డ్రైవరుతో కలిపి, పెట్రోలు లేకుండా ఉంటుంది. అసలు టార్క్ పవర్ డాట్ ఎల్‌యూటీ పట్టికలో ఉంటుంది. మెనూ అంకెలతో భాగహారం చేసినవాళ్లు బ్రోషర్లను పోల్చారు, కార్లను కాదు.

"గేమే ఒక అంకె ఇస్తుందిగా, అది నమ్మండి"

ఆ అంకె భాగహారం కన్నా నయమే. అయినా సరిపోదు. ఫోర్జా హొరైజన్ 5 గేమ్ ఇచ్చే పనితీరు సూచికలో A క్లాసు 701 నుంచి 800 వరకు, ఎస్1 801 నుంచి 900 వరకు. పార్టు మార్చితే ఆ సూచిక మారుతుంది. గేరు నిష్పత్తులు, చక్రాల కోణాలు సవరించుకుంటే మారదు. అంటే ఒకే 800లో ఉన్న రెండు కార్లలో ఒకటి స్ట్రెయిట్ కోసం, ఇంకొకటి మూలల కోసం కట్టినవి కావచ్చు. గ్రాన్ టురిస్మో 7లో ట్యూనింగ్ సెట్టింగులు కూడా పీపీని (ఆ గేమ్ కారుకు ఇచ్చే పర్ఫార్మెన్స్ పాయింట్లను) కదిలిస్తాయి, కానీ అదీ సందులు ఇచ్చింది. టోమాహాక్ ఎక్స్ లాంటి రాక్షసి కారును విడ్డూరమైన సెట్టింగులతో 600 పీపీ రేసులోకి దించి డబ్బు దండుకున్న ఆటగాళ్లున్నారు. తర్వాత అప్‌డేట్లతో ఆ సందులు మూయాల్సి వచ్చింది. 2017లో వచ్చిన గ్రాన్ టురిస్మో స్పోర్ట్ రోడ్డు కార్లను ఎన్200, ఎన్300 అంటూ హార్స్‌పవర్‌ను బట్టే విడగొట్టింది. 2022లో వచ్చిన తర్వాతి గేమ్ ఆ పద్ధతి వదిలేసి మళ్లీ పీపీకి వెళ్లింది.

"30 కిలోలు వేసినా, 10 హార్స్‌పవర్ కోసినా ఒకటే"

ఈ ఒక్క మాట వల్లే ఎక్కువ లీగులు చెడిపోతున్నాయి. 450 హార్స్‌పవర్, 1,300 కిలోల కారు తీసుకోండి. 30 కిలోలు పెంచితే నిష్పత్తి 0.338. పెంచకుండా 10 హార్స్‌పవర్ తీసేసినా 0.338. కాగితం మీద ఒకటే. కానీ బరువు పెంచితే గరిష్ఠ వేగం దాదాపు కదలదు. దెబ్బంతా బ్రేకింగ్, మూలలు, టైర్ల మీద పడుతుంది. పవర్ కోస్తే మూలలు అలాగే ఉంటాయి, 270 దగ్గర ఓ 2 కిలోమీటర్ల గరిష్ఠ వేగం పోతుంది.

ఏ కారు ఎక్కడ లాభపడుతోందో చూసి మందు వేయాలి. స్ట్రెయిట్ చివర స్పీడు ఎక్కువుంటే రిస్ట్రిక్టర్ (ఇంజనుకు గాలి తగ్గించి పవర్ కోసేది). మూల మధ్యలో కనిష్ఠ వేగం ఎక్కువుంటే బలాస్ట్ (అదనంగా తగిలించే బరువు). తిరగేసి వేస్తే ల్యాప్ టైమ్ సమానమవుతుంది, రేసు మాత్రం చచ్చిపోతుంది. స్ట్రెయిట్ మీద బలమైన కారు మూలల్లో ఎంత నెమ్మదిగా ఉన్నా ముందు నిలబడి దారి మూసేస్తుంది. మూలల్లో చురుకైన కారు దాని బంపరు వెనకే టైర్లు కాల్చుకుంటుంది. ల్యాప్ టైమ్ ఒక్కటే చూసి "సమానం చేశాం" అనేవాళ్లు ఇది గమనించరు. ఒక గ్రూపులో స్ట్రెయిట్ చివరి వేగాల తేడా గంటకు 5 కిలోమీటర్లు దాటకూడదని పెట్టుకోవడం మంచిది.

బలాస్ట్ ఎక్కడ కూర్చుంటుందో కూడా లెక్కే. గ్రాన్ టురిస్మో 7లో దాని స్థానాన్ని ముందుకీ వెనక్కీ జరపొచ్చు. ముందు బరువున్న కారుకు వెనక తగిలిస్తే శిక్ష కాదు, బహుమతి!

"ఒకసారి సరిచేస్తే అన్ని ట్రాకులకూ చాలు"

చాలదు, పైన 276, 316 అంకెలే సాక్ష్యం. గ్రాన్ టురిస్మోలోనే ఎక్కువ, మధ్య, తక్కువ వేగం ట్రాకులకు బీఓపీ (బ్యాలెన్స్ ఆఫ్ పర్ఫార్మెన్స్, అంటే కార్లను సమానం చేసే సవరణ) విలువలు వేరు వేరు. లీగ్‌కు కనీసం రెండు పట్టికలు ఉంచుకోండి.

"మనలో అందరికన్నా ఫాస్ట్‌గా ఉన్నవాడు నడిపి చూస్తే తేలిపోతుంది"

అతను వెనక జారే కారునూ పట్టి నిలబెడతాడు, గ్రిడ్ మధ్యలో ఉన్నవాళ్లు అదే కారులో గోడకు తగులుతారు. పరీక్షకు వేర్వేరు స్థాయుల్లో నలుగురు కావాలి. ట్రాక్ గ్రిప్ 100 శాతం దగ్గర కట్టేయండి, లేకపోతే తర్వాత నడిపిన కారుకు రబ్బరు పరుచుకున్న ట్రాక్ దొరుకుతుంది. ఉష్ణోగ్రత, పెట్రోలు, టైరు రకం మార్చొద్దు. ఒక్కో కారులో ఒక్కొక్కరూ 10 శుభ్రమైన ల్యాపులు తిరగాలి, వాటిలో మెరుగైన 5కు సగటు తీయాలి. డ్రైవర్ల టైములు ఒకదానితో ఒకటి పోల్చకండి. ఒక్కో డ్రైవరుకు కార్ల మధ్య వచ్చిన తేడాను రాసి, ఆ తేడాలకు సగటు తీయండి. చివర్లో మొదటి కారును మళ్లీ నడిపించండి. టైమ్ బాగా తగ్గితే మెరుగైంది కారు కాదు, ట్రాక్ అలవాటైంది. అప్పుడు మధ్య అంకెలు నమ్మడానికి వీల్లేదు.

సవరణ ఒకసారికి ఒకటే చేయండి: 10 కిలోలు, లేదా 2 శాతం రిస్ట్రిక్టర్. 110 సెకన్ల ల్యాప్‌లో 0.3 సెకన్ల తేడాలోకి వచ్చాక ఆపేయొచ్చు. అంతకన్నా లోపలికి వెళ్తే డ్రైవర్ల ఊగిసలాటనే కొలుస్తుంటారు. గంట రేసయితే పెట్రోలూ చూడాలి. ఒక కారుకు 60 లీటర్లు, ఇంకోదానికి 40 కావాలంటే, లీటరుకు ముప్పావు కిలో చొప్పున మొదటిది 15 కిలోల అదనపు బరువుతో మొదలవుతుంది.

"ఇదంతా గేముల గోల, అసలు రేసింగ్‌లో ఇలా ఉండదు"

2006లో మొదలైన జీటీ3 అనే రేసు కార్ల వర్గం నిలబడిందే బీఓపీ మీద. వెనక ఇంజనున్న పోర్షే 911, ముందు 6.2 లీటర్ల వీ8 ఉన్న మెర్సిడెస్, ట్విన్ టర్బో ఫెరారీ ఒకే రేసులో పోటీపడేది అందువల్లే. గెలిచినవాళ్లకు పాయింట్లను బట్టి బరువు వేసే జపాన్ సూపర్ జీటీ పద్ధతి వేరు. బీఓపీ కారును సరిచేస్తుంది, ఇది గెలిచిన జట్టును వెనక్కి లాగుతుంది. లీగులో రెండూ వాడుకోవచ్చు. కాకపోతే అసెట్టో కోర్సా సర్వర్ ఎంట్రీ లిస్టులో ఒక్కో కారుకు బలాస్ట్ గడి ఒకటే ఉంటుంది. షీటులో రెండు వరుసలు వేరుగా రాసుకుని, మొత్తాన్ని ఆ గడిలో వేయండి. లేదంటే సీజన్ మధ్యలో ఆ 40 కిలోల్లో కారుకు ఎంత, డ్రైవరుకు ఎంత అని అడిగితే చెప్పేవాళ్లుండరు.