రన్‌వే లెక్కల్లోకి రాని నీళ్లు

‘టెర్మినల్ పెంచితే ఉద్యోగాలే ఉద్యోగాలు, పైగా నెట్ జీరో’ అని విజయనగరం జిల్లా భోగాపురం ఎయిర్‌పోర్టు మీద వచ్చిన వ్యాసంలో రాశారు. నెట్ జీరో అంటే గాల్లోకి వదిలే కార్బన్, తిరిగి తీసేసే కార్బన్ సమానం కావడం. ఆ లెక్కలో సాధారణంగా కలిపేది ఎయిర్‌పోర్టు వాడే కరెంటు, సొంత బండ్ల డీజిలే. విమానం గాల్లో కాల్చేది విమాన సంస్థల ఖాతాలోకి పోతుంది. అసలు పొగ అక్కడే: కిలో ఏటీఎఫ్ (విమాన ఇంధనం) కాలితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్.

నీళ్ల సంగతైతే ఎవరూ ఎత్తరు. 3,800 మీటర్ల రన్‌వే, 45 మీటర్ల వెడల్పు అనుకోండి. 100 మి.మీ. వాన పడితే ఆ పట్టీ మీదే 1.71 కోట్ల లీటర్లు. ట్యాక్సీవేలు (విమానాలు రన్‌వేకి వెళ్లొచ్చే దారులు), పార్కింగు వేరే. ఒడిశాలో మన బరంపురం, పర్లాకిమిడి వైపు తుపాను రోజున అంత వాన అరుదేం కాదు. గెడ్డను (వాగును) మళ్లించి చిన్న కల్వర్టు పెడితే ముందు మునిగేది దిగువ వరి పొలాలే.

లాభం లేదనను. భోగాపురం మనకి విశాఖ కంటే 40 కి.మీ.కు పైగా దగ్గర. కానీ విశాఖ నుంచి అక్కడికి మారిన ఉద్యోగాన్ని కొత్తదని ఎలా రాస్తారు?

ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే ముందు డ్రైనేజీ మ్యాపు అడగండి, తర్వాత రాత్రి విమానాల సంఖ్య. శబ్దాన్ని 24 గంటల సగటుగా చూపిస్తే రాత్రి రెండింటికి దిగే విమానం అందులో కనబడదు.