ముందు మేస్టారు ముగ్గు వేయాలి

టీచర్ ట్రైనింగ్ చదివేవాళ్లు తరగతిలో పాఠం చెప్పి చూపించే ఆఖరి పరీక్షలు, అంటే ఫైనల్ లెసన్ల రోజులు వచ్చాయంటే విజయనగరం, శ్రీకాకుళం ఫ్యాన్సీ షాపుల్లో గిరాకీ పెరుగుతుంది. చార్టులు, స్కెచ్ పెన్నులు, థర్మాకోల్ షీట్లు, చమ్కీ, రంగు కాగితాలు. "అన్నా, గుండె బొమ్మ రెడీమేడ్‌ది ఉందా?" అని అడిగితే చాలు, షాపతను వెనక్కి తిరగకుండానే చెయ్యి పెట్టి తీసిస్తాడు. బొమ్మ గీయడం రాని వాళ్లకు గీసిపెట్టేవాళ్లున్నారు, రికార్డులు రాసిపెట్టేవాళ్లూ ఉన్నారు. మర్నాడు ఆ చార్టు తరగతి గోడకెక్కుతుంది. ఛాత్రోపాధ్యాయుడు, అంటే ట్రైనింగ్‌లో ఉన్న టీచరు, స్కేలుతో దాన్ని చూపిస్తాడు, పిల్లలు చేతులు కట్టుకుని చూస్తారు, వెనక బెంచీలో కూర్చున్న ఎగ్జామినర్ 'టీఎల్‌ఎం (బోధనోపకరణం) బాగుంది' అని రాసుకుంటారు. గంట కొట్టాక చార్టు చుట్ట చుట్టి అటక మీద పడేస్తారు. ఈ మొత్తం తతంగంలో ఒక్క పిల్ల కూడా గీత గీయలేదు, గొంతెత్తలేదు, లేచి రెండడుగులు వేయలేదు. కానీ కాగితం మీద మాత్రం బోధనలో కళను వాడినట్టే లెక్క.

కాగితాల మాటకొస్తే మనకు లోటు లేదు. కళలను మిగతా సబ్జెక్టులతో కలిపి నేర్పాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. 2014లో టీచర్ ట్రైనింగ్‌ను నియంత్రించే జాతీయ మండలి ఎన్‌సీటీఈ కొత్త నిబంధనలతో బీఈడీ రెండేళ్లయినప్పుడు నాటకం, కళలను ఒక కోర్సుగానే పెట్టారు. 2020 విద్యావిధానం ఇంకో అడుగు ముందుకేసి కళా సమ్మిళిత విద్య అని పేరు పెట్టి మరీ రాసింది. అదే ఏడాది సీబీఎస్‌ఈ పదో తరగతి దాకా ఇలాంటి ప్రాజెక్టు తప్పనిసరన్నది. అయినా తరగతి గదిలో చార్టు చార్టుగానే వేలాడుతోందంటే, రేపటి టీచరు తయారవుతున్న చోట ఏదో తేడా ఉందన్నమాట. మా అనుమానం ఒక్కటే. కళతో పాఠం చెప్పడం ఎలాగో వాళ్లకు నోట్సుగా డిక్టేట్ చేస్తున్నారు. వాళ్ల చేత చేయించడం లేదు.

చేయించడమంటే ఏమిటో ఒక ముగ్గుతో చూద్దాం. సంక్రాంతి నెలలో మన వాకిళ్లలో పడే సందు చుక్కల ముగ్గే. మధ్యలో ఏడు చుక్కలు, దాని పైనా కిందా సందుల్లో ఆరేసి, ఆ తర్వాత ఐదేసి, ఇలా అటూ ఇటూ ఒక్క చుక్క మిగిలే దాకా. ఇప్పుడు ఆరో తరగతి పిల్లల్ని 'మొత్తం చుక్కలెన్ని?' అని అడగండి. వేలు పెట్టి లెక్కపెడతారు. నలభై తొమ్మిది. మరి ఐదు చుక్కల ముగ్గయితే? ఇరవై ఐదు. మూడు చుక్కలదైతే తొమ్మిది. ఇక్కడికొచ్చేసరికి ఎవరో ఒక పిల్ల 'మేస్టారూ, ఏడేడులు నలభై తొమ్మిది, ఐదైదులు ఇరవై ఐదు!' అని అరిచి తీరుతుంది. ఎందుకలా అవుతోందన్నది అసలు పాఠం. పై త్రికోణాన్ని అలాగే తీసి కింది దానికి తిప్పి అతికిస్తే ఆరు వరుసల్లో ఏడేసి చుక్కలు వస్తాయి. మధ్య వరుసతో కలిపితే ఏడు ఏడులు. వర్గ సంఖ్య బోర్డు మీంచి కాకుండా నేల మీంచి లేచొస్తుంది. అమ్మకు రోజూ చేతిలో ఉన్న పనిలోంచి లెక్క పుట్టిందని ఆ పిల్లకు తెలియడం, మా దృష్టిలో, మార్కులకన్నా పెద్ద సంగతి.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది. ఈ పాఠం చెప్పాల్సిన మేస్టారికి ముగ్గు రాదు. మగవాడు కదా, ఎప్పుడూ వేయలేదు. మేడమ్‌కు వచ్చు, కానీ అది లెక్కల పీరియడ్‌లోకి వస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అందుకే ట్రైనింగ్‌లో చేరిన మొదటి నెలలోనే అందరి చేతికీ పిండి ఇచ్చి కాలేజీ వరండాలో కూర్చోబెట్టాలంటున్నాం. నవ్వుకుంటారు, చుక్కలు తప్పుతారు, గీత ఎక్కడ మొదలైందో మర్చిపోతారు. తప్పేమీ లేదు. రాని పనిని నలుగురి ముందు చేయాల్సి వస్తే కలిగే టెన్షన్ ఎలా ఉంటుందో కాబోయే టీచరుకు ఒకసారి తెలియడం మంచిదే. పిల్లలకది రోజూ ఉండేదే.

తాళం సంగతీ అంతే. మన జిల్లాల్లో తప్పెటగుళ్లు చూడని ఊరు తక్కువ. గుండెల మీద రేకు తప్పెట, కాళ్లకు గజ్జెలు, చేతి దెబ్బకు అడుగు కలిసిన తీరు చూస్తే కూర్చున్నవాడు కూర్చున్నట్టు ఉండలేడు. ఆ లయను తరగతిలోకి తేవడానికి తప్పెట కూడా అక్కర్లేదు, అరచేతులు చాలు. ఒక వరుస పిల్లలు ప్రతి మూడో లెక్కకు చప్పట్లు కొట్టాలి, పక్క వరుస ప్రతి నాలుగో లెక్కకు. కాసేపు గందరగోళం. పన్నెండో లెక్క దగ్గర రెండు వరుసలూ ఒక్కసారి ఫట్‌మని కలుస్తాయి. ఇరవై నాలుగు దగ్గర మళ్లీ. క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) అంటే ఇదే అని అప్పుడు చెప్పండి, మర్చిపోమన్నా మర్చిపోరు. అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు గారు రెండు చేతులతో, రెండు కాళ్లతో, తలతో ఐదు తాళాలు ఒకేసారి వేసేవారని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఐదు తాళాలు ఎన్నో లెక్క దగ్గర కలుస్తాయో కట్టమని పదో తరగతి వాళ్లకు ఇస్తే సరదాగా ఉంటుంది.

విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల మొదలైంది 1919లో. దాసుగారే తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ చెప్పిందీ, ఘంటసాల చదువుకున్నదీ అక్కడే. అదే పట్నంలో ప్రాథమిక పాఠశాలల టీచర్లను తయారుచేసే డైట్ కూడా ఉంది. డైట్‌లో చదివే పిల్లల్లో ఎంతమంది సంగీత కళాశాల గడప తొక్కారు? సంగీతం నేర్చుకుంటున్న వాళ్లలో ఎంతమందికి ఒక బడిలో ఒక పాఠానికి సాయం పట్టే అవకాశం వచ్చింది? ఆటో ఎక్కితే అయిపోయే దూరానికి మనం ఇంతవరకు దారి వేసుకోలేదు.

కొంచెం ముందుకెళ్తే బొబ్బిలి, గొల్లపల్లి వీణలు. ఒకే పనస దుంగలో తొలిచే ఏకాండి వీణ అక్కడి పని. దీన్ని మెమెంటోగా బహుమతి ఇవ్వడం మనకు బాగా అలవాటైంది. ఎనిమిదో తరగతి ధ్వని పాఠానికి ఇంతకన్నా మంచి పరికరం ఏ ల్యాబ్‌లోనూ లేదన్న సంగతి మాత్రం తట్టలేదు. వీణకు 24 మెట్లు. టేపు పెట్టి కొలవమనండి. దాదాపు తీగ సగానికొచ్చేసరికి పన్నెండో మెట్టు ఉంటుంది, అక్కడ మీటితే పై స్థాయి షడ్జమం, అంటే పై 'స', పలుకుతుంది. ఇరవై నాలుగో మెట్టు దగ్గర మోగే తీగ పావు వంతే. మెట్ల మధ్య దూరం పైనుంచి కిందికి ఎందుకు తగ్గుతూ వస్తుందో పిల్లలే అడుగుతారు. మైనంలో మెట్లు నిలిపే పనివాడు ఈ లెక్క పుస్తకంలో చూసి చేయడు, చెవితో చేస్తాడు. ఆయన్ని ఒక పూట తరగతికి పిలవండి. పిలిచి శాలువా కప్పి ఫొటో తీసుకుని పంపేయకండి. ఆ పూట కూలి ఎంతవుతుందో అడిగి ఇవ్వండి. వందమంది దాటిన ప్రాథమికోన్నత పాఠశాలకు కళా విద్యకు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతోంది. ఆ పద్దు నిజంగా నడిస్తే ఇలాంటివాళ్లకు అందులో చోటుండాలి.

నాటకం దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త కావాలి. చరిత్ర పాఠాన్ని నాటకంగా వేయమంటే మన దగ్గర వెంటనే గుర్తొచ్చేది 1757 జనవరి 24, బొబ్బిలి యుద్ధం. పిల్లలకు అట్ట కత్తులిచ్చి, తాండ్ర పాపారాయుడికి మీసం పెట్టి, గట్టి డైలాగులు చెప్పించి చప్పట్లు కొట్టడం తేలిక. అది వార్షికోత్సవానికి పనికొస్తుంది, చరిత్ర నేర్పదు. దానికి బదులు తరగతిని రెండుగా విడగొట్టి, ఒక సగం విజయనగరం కోటలో కూర్చున్నవాళ్లుగా, ఇంకో సగం బొబ్బిలి కోటలో కూర్చున్నవాళ్లుగా, మధ్యలో ఒకరిద్దరు ఫ్రెంచి సేనాని బుస్సీ మనుషులుగా మాట్లాడుకోమంటే వేరే కథ నడుస్తుంది. ఎవరికి ఎవరు ఏమని కబురు పంపారు? ఫ్రెంచివాళ్లకు ఇందులో ఏం లాభం? కోటలోని ఆడవాళ్లను ఎవరైనా అడిగారా? సంభాషణ రాసుకోవడానికి పిల్లలు పాఠం రెండోసారి, మూడోసారి చదవాల్సి వస్తుంది. విజయనగరంలో చెప్పుకునే కథకూ బొబ్బిలిలో చెప్పుకునే కథకూ తేడా ఉందని బయటపడుతుంది. ఆ తేడా మీద పది నిమిషాలు వాదించుకున్న పిల్లలకు ఆధారం అన్న మాటకు అర్థం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. దీన్ని నడపడానికి టీచరు నటుడు కానక్కర్లేదు. ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలిస్తే చాలు. ట్రైనింగ్‌లో ఇదే తక్కువగా నేర్పుతున్నారు.

ఇంకో జాగ్రత్త మన్యం బడులకు వెళ్లబోయేవాళ్లకు. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే సవర బొమ్మలు ఈమధ్య బ్యాగుల మీదా, గోడల మీదా ఎక్కువగా కనిపిస్తున్నాయి. అవి గోడ అందం కోసం పుట్టినవి కావు. సవరల దేవతలతో, చనిపోయిన పెద్దలతో ముడిపడిన బొమ్మలు. వాటిని తరగతిలో వేయించే ముందు ఊళ్లో పెద్దల్ని అడగాలి. వేయకూడదంటే మానేయాలి. అడగడమే ఒక పాఠమవుతుంది. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ చేసిందిదే. పిల్లల ఇంట్లో ఏ మాట ఉందో, ఏ పాట ఉందో ముందు తాను నేర్చుకున్నారు. ఆ తర్వాతే సవర భాషలో పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడి పెట్టారు. ఆగస్టు 29న ఆయన ఫొటోకు దండ వేసే ట్రైనింగ్ కాలేజీల్లో ఆ వరస ఎందుకు పాటించరు?

సిలబస్ ఎప్పుడవుతుంది, యాప్‌లలో ఫొటోలు ఎవరు ఎక్కిస్తారు, ఇవన్నీ పోగా ముగ్గులూ చప్పట్లూనా అని పనిచేస్తున్న టీచర్లు విసుక్కుంటారు. ఆ విసుగులో న్యాయముంది. కళ పేరుతో ఇంకో రిజిస్టరు, ఇంకో అప్‌లోడ్ పెడితే ఇది కూడా చార్టు దారే పడుతుంది. ప్రతి పాఠానికీ ఆటా పాటా అతికించాలనే పట్టుదల కూడా వద్దు. సూత్రాన్ని సినిమా పాట వరసలో పాడించడం బట్టీకి రాగం కట్టడమే అవుతుంది. కళ తీసేస్తే పాఠం కుంటుపడుతుందా అని చూసుకుంటే తేలిపోతుంది. పడకపోతే మామూలుగా చెప్పేయొచ్చు, సమయం మిగులుతుంది.

చిక్కల్లా పరీక్షల దగ్గర. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారంటే సంతోషమే. ఇంతమందికి పెట్టిన పరీక్షలో బిట్లు దిద్దడం తప్ప చప్పట్లు కొట్టించి చూసే వీలుండదు. కాబట్టి ఈ పని చూడగలిగిన చోటు ట్రైనింగ్ కాలేజీ ఒక్కటే. శ్రీకాకుళం జిల్లా డైట్ వమరవల్లిలో ఉంది. అదే గార మండలంలో వంశధార ఒడ్డున శాలిహుండం స్తూపాలు, శ్రీకూర్మం గుడి గోడల మీద పాత బొమ్మలు ఉన్నాయి. ఛాత్రోపాధ్యాయులు వారానికో పూట నోట్‌బుక్, పెన్సిలుతో అక్కడికి వెళ్లి, చూసింది గీసుకుని, తిరిగొచ్చి దాని మీద పాఠ్య పథకం రాస్తే ఏ జీవో అడ్డొస్తుంది? మంజూరు చేయాల్సింది బస్ ఛార్జీలు మాత్రమే.

ఫైనల్ లెసన్ మార్కుల పట్టికలో టీఎల్‌ఎం అన్న గడి దగ్గర ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఈసారి గోడ వైపు చూడొద్దు. పాఠం అయ్యాక చార్టు దింపించి, చివరి బెంచీలో కూర్చున్న పిల్ల చేతికి సుద్దముక్క ఇచ్చి, తొమ్మిది చుక్కల ముగ్గుకు మొత్తం ఎన్ని చుక్కలు పడతాయో, ఎందుకో చెప్పమనాలి. ఆమె ఏం చెబుతుందో విని మార్కులు వేయాలి.