సూత్రప్రాయంగా స్వాగతిస్తున్నాం

ఆహార పరిశ్రమ సంఘాల మీద జనానికి ఒక అపోహ ఉంది. భద్రతా నిబంధన ఏది వచ్చినా అవి అడ్డుపడతాయట. ఇది శుద్ధ అన్యాయం. అనుభవమున్న ఏ సంఘమూ నిబంధనను వ్యతిరేకించదు. స్వాగతిస్తుంది, అభినందిస్తుంది, అమలుకు కాస్త వ్యవధి మాత్రం అడుగుతుంది. ఈ విద్యలో అమెరికా సంఘాలది అందె వేసిన చెయ్యి కాబట్టి, కొత్తగా కార్యదర్శి పదవి చేపట్టేవారు వాళ్ల దగ్గరే పాఠాలు నేర్చుకోవాలి.

ముఖాముఖి పోరు పనికిరాదని 1994లోనే తేలిపోయింది. అంతకు ముందేడాది సరిగ్గా ఉడకని హాంబర్గర్ల వల్ల నలుగురు పిల్లలు చనిపోయారు. ఈ. కోలై ఓ157:హెచ్7 అనే ప్రమాదకర క్రిమి ఉన్న గొడ్డుమాంసం కీమాను కల్తీ సరుకుగా లెక్కిస్తామని వ్యవసాయ శాఖ ప్రకటించింది. సంఘాలు టెక్సాస్‌లో కోర్టుకెక్కి ఓడిపోయాయి. పిల్లలు పోయిన మరుసటేడాదే దావా వేయడం చూసేవాళ్లకూ బాగోదు.

అంతకంటే మర్యాదైన దారి ఒకటుంది. ముసాయిదా ప్రచురించాక ప్రభుత్వం అభిప్రాయాలు తీసుకోవాలి. వాటిలో ముఖ్యమైన అభ్యంతరాలన్నిటికీ జవాబు రాయాలి. రాయకపోతే ఆ నిబంధన కోర్టులో నిలవదు. కాబట్టి మీరు పంపే పత్రం బరువు వాదనల్లో కాదు, ప్రశ్నల సంఖ్యలో ఉండాలి. పరీక్షలకు సరిపడా ల్యాబులున్నాయా? ఫలితం వచ్చేదాకా సరుకు ఏ శీతల గిడ్డంగిలో ఉంచాలి? చిన్న యూనిట్ల గతేమిటి? (ఈ మూడోది మరవొద్దు. చందాల్లో సింహభాగం పెద్ద కంపెనీలదే అయినా, కన్నీళ్లు చిన్నవాళ్లవైతేనే పండుతాయి.) ఆఖరి పేజీలో, ఇంత సంక్లిష్టమైన విషయానికి 60 రోజులు చాలవని విన్నవించుకోవాలి.

ఆ ఆఖరి పేజీ ఏం చేయగలదో చూడండి. 2024 ఆగస్టులో వ్యవసాయ శాఖ పచ్చి కోడిమాంసం మీద ఒక ముసాయిదా తెచ్చింది. సాల్మొనెల్లా అనే క్రిమి గ్రాముకు 10 సీఎఫ్‌యూ, అంటే పరీక్షలో 10 క్రిములు గానీ, అంతకు మించి గానీ తేలి, వాటిలో ప్రమాదకరమైన రకం ఒక్కటైనా ఉంటే ఆ సరుకు అమ్మకూడదు. గడువు కావాలన్నారు, ఇచ్చారు. ఇంకా కావాలన్నారు, ఇంకా ఇచ్చారు. అలా జరిగి జరిగి అభిప్రాయాల గడువు 2025 జనవరి 17న ముగిసింది. కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసింది జనవరి 20న. ఏప్రిల్‌లో ముసాయిదాను వెనక్కి తీసుకున్నారు. వచ్చిన వ్యాఖ్యలు ఏడు వేల పైచిలుకు. పొడిగింపు కోరేటప్పుడు పంచాంగం కాదు, ఎన్నికల క్యాలెండర్ చూసుకోవాలి.

ఇక వాదన కావాలా? బాగా వండితే క్రిమి చస్తుంది, కాబట్టి సమస్య ఫ్యాక్టరీలో లేదు, మీ వంటింట్లో ఉంది. దీనికి న్యాయస్థానం ఆశీస్సులు కూడా ఉన్నాయి. మాంసం మీద హెచ్చరిక ముద్రించాలన్న కేసులో, అమెరికా గృహిణులు అజ్ఞానులూ కారు, మూర్ఖులూ కారని 1974లో వాషింగ్టన్ అప్పీలు కోర్టు అంది. ఇంత ఖర్చులేని పొగడ్త మరొకటి లేదు. కోడిమాంసం లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్ చేరాలన్నది నిజమే. మాంసం కోసిన చెక్క మీదే సలాడ్‌కని తరిగిన కీరా జన్మలో ఆ వేడి చూడదన్నది మాత్రం మీ పత్రంలో రాయనక్కర్లేదు.

కొన్ని నిబంధనలు చచ్చినా పోవు. వాటిని ముందుకు జరపాలి. ఏ సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే రికార్డులు ఉండాలని 2011 నాటి ఆహార భద్రతా చట్టమే చెప్పింది. తుది నిబంధన 2022 నవంబర్‌కి గానీ రాలేదు. ఆకుకూరలు, గుడ్లు, మెత్తటి చీజ్ వంటివాటి లాట్ కోడ్ (సరుకు ఏ విడతదో చెప్పే గుర్తు) వివరాలు అడిగిన 24 గంటల్లో ఇవ్వాలి. గిడ్డంగిలో ఒకే అరలో రెండు లాట్ల పెట్టెలు కలిసిపోతాయి, ఒక్కో పెట్టె స్కాన్ చేయాలంటే మా వల్ల కాదన్నారు. అబద్ధమేమీ కాదు, కష్టమే. 2026 జనవరిలో మొదలవ్వాల్సిన అమలును 30 నెలలు జరుపుతామని 2025 మార్చిలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రకటించింది. ఈ. కోలై ఎక్కడి నుంచి వచ్చిందో మూలం తేలక, 2018 నవంబర్‌లో దేశమంతా రోమైన్ లెట్యూస్ అనే సలాడ్ ఆకుకూరను చెత్తబుట్టలో వేయమన్నప్పుడు ఏ పాపమూ ఎరగని రైతులు కూడా మునిగారు. వాళ్లూ పరిశ్రమే కదా అని అడిగేవాళ్లను కమిటీలో వేయకండి.

అసలు అనుమతే అడగనక్కర్లేని చోటు ఒకటుంది. "సాధారణంగా సురక్షితమని గుర్తింపు పొందినది" అనే తరగతిలో చేరిన పదార్థానికి ఎఫ్‌డీఏ ముందస్తు ఆమోదం అవసరం లేదు. చేరిందో లేదో కంపెనీయే తేల్చుకోవచ్చు. ఎఫ్‌డీఏకి తెలియజేయడం ఐచ్ఛికమని 2016 నిబంధన కూడా ఖాయం చేసింది. సువాసన, రుచి పదార్థాల తయారీదారుల సంఘమైతే 1960 నుంచి సొంత నిపుణుల మండలినే నడుపుతోంది. పరీక్ష రాసినవాడి ఇంట్లోనే పేపరు దిద్దే ఏర్పాటన్నమాట. రవాణా ఖర్చులు కలిసొస్తాయి.

ఎఫ్‌డీఏ ఓపికకు లోటు లేదు. రెడ్ 3 అనే రంగు ఎలుకల్లో థైరాయిడ్ కణితులు కలిగించిందని 1990లో దాన్ని సౌందర్య సాధనాల్లో నిషేధించారు. ఆహారంలో అనుమతి రద్దయింది 2025 జనవరిలో. పెదవికి పూయకూడనిది, పెదవి దాటి లోపలికి వెళ్లడానికి 35 ఏళ్లు అభ్యంతరం లేకపోయింది. తయారీదారులకు 2027 జనవరి 15 దాకా సమయముంది.

ఈలోగా కాలిఫోర్నియా కాళ్లకు అడ్డం పడింది. రెడ్ 3తో పాటు మరో మూడు సంకలితాలను నిషేధిస్తూ 2023లో చట్టం చేసింది. దారిలో ఇతర రాష్ట్రాలూ ఉన్నాయి. నిన్నటిదాకా కేంద్రం పెత్తనం ఎక్కువైందన్న సంఘం, ఇక మీదట దేశమంతటికీ ఒకే ప్రమాణం కావాలని లేఖ రాయాలి. ఆ ప్రమాణం ఎంత కఠినంగా ఉండాలన్నది లేఖలో పెట్టనక్కర్లేదు. రాష్ట్రాల చట్టాలు చెల్లవన్న వాక్యం మాత్రం తప్పనిసరి.