సవరణ: హెయిన్స్ నుంచి స్కాగ్వేకి మోటార్‌హోమ్‌లో

మొన్నటి అలాస్కా ప్లాన్‌లో "హెయిన్స్ చూసుకుని సాయంత్రానికి పక్కనే ఉన్న స్కాగ్వే చేరొచ్చు" అని ఉంది. అది ఫెర్రీలో చోటు దొరికితేనే. సముద్రం మీద ఆ రెండు ఊళ్ల మధ్య 25 కిలోమీటర్లకు మించి లేదు. రోడ్డున అయితే కెనడాలోని హెయిన్స్ జంక్షన్, వైట్‌హార్స్ చుట్టి రావాలి, సుమారు 570 కిలోమీటర్లు! సఖినేటిపల్లి రేవులో పంటు ఆగితే, ఎదురుగా కనబడే నర్సాపురానికి చించినాడ వంతెన మీదుగా తిరిగి వెళ్తాం చూడండి, అలాగన్నమాట. పైగా దేశ సరిహద్దు రెండుసార్లు దాటాలి.

కాబట్టి అమలాపురం నుంచి బయల్దేరే పెద్దవాళ్లందరికీ అమెరికా వీసాతో పాటు కెనడా వీసా కూడా తీయించండి. హెయిన్స్ దారిలోని సరిహద్దు చెక్‌పోస్టు రాత్రి మూసేస్తారు.

ఫెర్రీ టికెట్ బండి పొడవును బట్టి ఉంటుంది. వెనక తగిలించిన సైకిల్ స్టాండునూ కలిపి కొలిచి చెప్పాలి. వేసవికి ముందే బుక్ చేయండి.

రెండు రోజులు చేతిలో ఉంటే మాత్రం నా ఓటు రోడ్డుకే. కెనడాలోకెల్లా ఎత్తైన లోగన్ శిఖరం (5,959 మీటర్లు) ఉన్న క్లూయానీ పార్కు అంచునే ఆ దారి సాగుతుంది.