రాణి మాటా, రాజముద్రా

ఈజిప్టులోని అమర్నా శిథిలాల్లో 1887లో బయటపడిన మట్టిపలకల్లో ఒకటి పెళ్లి తగాదాకు సంబంధించినది. క్రీస్తుపూర్వం 14వ శతాబ్దంలో ఫారో (ఈజిప్టు రాజు) మూడవ అమెన్‌హోటెప్ తనకు కూతురినిచ్చి పెళ్లి చేయమని బాబిలోను రాజు కదష్మన్ ఎన్‌లిల్‌ను అడిగాడు. నా కూతురి సంగతి తరువాత, మా తండ్రి నీకిచ్చిన నా తోబుట్టువు బతికి ఉందో లేదో చెప్పేవారే లేరేమిటని బాబిలోను రాజు నిలదీశాడు. అతని దూతలు కొలువుకు వెళ్లినప్పుడు ఫారో తన భార్యలందరినీ నిలబెట్టి, వారిలో ఒకామెను చూపించి, ఈమే మీ దొరసాని అన్నాడట. దూతలు ఆమెను గుర్తుపట్టలేకపోయారు. ఆమెను ఎరిగినవాడిని, ఆమెతో మాట్లాడి పోల్చుకోగలిగినవాడిని పంపకపోవడం నీ తప్పేనని ఫారో ఎదురు జవాబు రాశాడు.

ఆ స్త్రీ అక్కడే నిలబడి ఉంది కదా, ‘నేనే’ అని ఎందుకు చెప్పలేదు? చెప్పమని ఎవరూ అడగలేదా, లేక చెప్పినా అది లెక్కకు వచ్చేది కాదా? పలకలో ఆమె పేరు కూడా లేదు.

రాచకుటుంబాల పెళ్లిళ్లు రాజ్యాల మధ్య ఒప్పందాలనీ, ఆడపిల్లలు ఆ ఒప్పందాలకు పూచీలనీ చరిత్ర పుస్తకాలు చెబుతూనే ఉన్నాయి. అది నిజమే గాని, ఆ పెళ్లిళ్లలో స్త్రీ పోగొట్టుకున్నది పుట్టిల్లు ఒక్కటే కాదు. తన సంగతి తానే చెప్పుకుంటే నమ్మే మనిషిని కూడా ఆమె పోగొట్టుకుంది. రాజు దూరాన ఉన్నా ముద్ర పడితే అతని మాట చెల్లుతుంది. రాణి ఎదుట నిలబడి చెప్పినా ఆమె మాటకు సాక్ష్యం కావాలి. ఈ తేడాను గమనించకుండా రాజ్యాధికారం గురించి మాట్లాడటం సగం మాట్లాడటమే అవుతుందని నా అభిప్రాయం.

మోసాలు జరిగే లోకంలో ఆ మాత్రం జాగ్రత్త తప్పదని ఎవరైనా అనవచ్చు. అయితే అదే ఉత్తర ప్రత్యుత్తరాల్లో ఇంకొక పలక ఉంది. బాబిలోను రాజు తనకు ఫారో కూతురినివ్వమని అడిగాడు. ఈజిప్టు రాజు కూతురిని అనాదిగా ఎవరికీ ఇవ్వలేదని ఫారో చెప్పినప్పుడు, అందమైన స్త్రీని ఎవరినైనా నీ కూతురన్నట్టే పంపు, కాదని ఎవరంటారు అని బాబిలోను రాజు తిరిగి రాశాడు. తోబుట్టువు విషయంలో సాక్ష్యం అడిగిన కొలువు, భార్య విషయంలో అబద్ధానికి తానే దారి చూపింది. కాబట్టి సాక్ష్యం అడగడంలో నిజం మీద పట్టుదల కంటే, ఏది నిజమో తేల్చే హక్కు తమ చేతిలో ఉండాలన్న పట్టుదలే ఎక్కువ.

కొంతకాలానికి ఆ ఈజిప్టు నుంచే ఒక రాణి స్వయంగా ఉత్తరం రాయించింది. ఆమె ఫారో టుటన్‌ఖామున్ భార్య అని చాలామంది పండితుల అభిప్రాయం. నా భర్త చనిపోయాడు, నాకు కొడుకు లేడు, నీ కొడుకుల్లో ఒకరిని పంపితే పెళ్లాడతాను, నా సేవకుణ్ణి మాత్రం పెళ్లాడను అని నేటి టర్కీ ప్రాంతాన్ని ఏలిన హిట్టైట్ రాజు సుప్పిలులియుమాకు కబురు చేసింది. ఇలాంటిది తన జన్మలో ఎరగనన్న ఆ రాజు, నిజానిజాలు కనుక్కురమ్మని తన అధికారిని పంపించాడు. అతను తిరిగి వచ్చేసరికి చలికాలం గడిచిపోయింది. అతని వెంట ఆమె రెండవ ఉత్తరం వచ్చింది: ‘మోసం చేస్తున్నారేమో అని ఎందుకన్నావు? నాకు కొడుకే ఉంటే నా అవమానాన్నీ నా దేశపు అవమానాన్నీ పరాయి దేశానికి రాసుకుంటానా?’ చివరకు బయలుదేరిన రాకుమారుడు జన్నంజా గమ్యం చేరకుండానే చనిపోయాడు. ఈ సంగతంతా మనకు తెలిసింది సుప్పిలులియుమా కొడుకు ముర్సిలి రాయించిన తండ్రి చరిత్ర వల్ల.

సాహిత్యంలో ఈ సంగతికి శకుంతల కథ కంటే మంచి ఉదాహరణ నాకు కనబడదు. కథ ఒకటే అయినా అది రెండు విధాలుగా మనకు చేరింది. కాళిదాసు నాటకంలో దుష్యంతుడు వెళ్లిపోతూ ఉంగరం తొడిగి, దాని మీది నా పేరులో రోజుకొక అక్షరం లెక్కపెట్టు, చివరి అక్షరం వచ్చేసరికి నిన్ను తీసుకువెళ్లడానికి మనిషి వస్తాడంటాడు. భర్త పేరు ఆమెకు గడువు లెక్కించే పట్టిక అయింది, మనిషి మాత్రం రాలేదు. కొలువులో నిలబడి వేలు తడుముకుంటే ఉంగరం లేదు. అప్పుడామె ఒక జ్ఞాపకం చెబుతుంది: ఆ రోజు జింకపిల్ల మీ చేతి నీళ్లు తాగలేదు, నా చేతి నీళ్లు తాగింది, మీరిద్దరూ అడవిలో వాళ్లే కదా అని మీరు నవ్వారు. ఇద్దరికి మాత్రమే తెలిసిన ఆ ముచ్చట కంటే గట్టి రుజువు ఏ దాంపత్యంలోనూ ఉండదు. రాజు దాన్ని ఆడవాళ్ల తీపి మాటల కింద కొట్టిపారేశాడు. తరువాత జాలరి చేప కడుపులో దొరికిన ఉంగరం అతనికి అన్నీ గుర్తుచేసింది. శాపం వల్ల మరచాడు గనుక రాజు దోషి కాడని నాటకం అతన్ని కాపాడింది.

భారత కథలో శాపమూ లేదు, ఉంగరమూ లేదు. శకుంతల కొలువులో నిలబడి వాదిస్తుంది. నన్నయ ఆమె చేత చెప్పించిన పద్యం తెలుగు చదువుకున్న వారందరికీ పరిచితమే: వంద నూతుల కంటే ఒక బావి మేలు, వంద బావుల కంటే ఒక యజ్ఞం మేలు, వంద యజ్ఞాల కంటే ఒక కొడుకు మేలు, ‘సుత శతకంబు కంటె నొక సూనృత వాక్యము మేలు’. కొడుకును వెంటబెట్టుకుని వచ్చిన తల్లి, ఆ కొడుకు కంటే నిజమైన మాటే గొప్పదని రాజుకు చెప్పడం మామూలు ధైర్యం కాదు. అయినా ఆకాశవాణి పలికితేగాని దుష్యంతుడు ఒప్పుకోలేదు, పైగా నిజం తెలిసినా లోకానికి వెరచానన్నాడు. ఈ దుష్యంతుడే నాకు చరిత్రలోని రాజులకు దగ్గరగా కనబడతాడు.

రామాయణ ఉత్తరకాండలోనూ ఇదే బాధ. భద్రుడు జనవాక్యాన్ని రాముడి చెవిన వేశాడు. రాముడు తమ్ములను పిలిపించుకుని నిర్ణయం చెప్పాడు, సీతతో మాత్రం చెప్పలేదు. ఆశ్రమాలు చూడాలని తాను కోరిన కోరికే తీరుతోందనుకుని రథమెక్కిన సీత, గంగ దాటాక లక్ష్మణుడి నోట తన పరిత్యాగం గురించి విన్నది. ఊరివాళ్ల మాట కొలువు దాకా వచ్చింది గాని, అదే ఇంట్లో ఉన్న భార్య మాట అక్కడికి చేరలేదు.

ఇంగ్లండు చరిత్రలో కేథరిన్ ఆఫ్ అరగాన్ 1507లో తండ్రి, స్పెయిన్‌లోని అరగాన్ రాజు ఫెర్డినాండ్ తరఫున రాయబారిగా నియమితురాలైంది, అంటే అప్పుడు ఆమె మాట ఒక రాజు మాట. తరువాత ఆమెను పెళ్లాడిన ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ, ఆమె తన అన్న భార్య గనుక ఆ పెళ్లి చెల్లదనిపించుకోవాలనుకున్నాడు. అందుకు 1529లో లండన్‌లోని బ్లాక్‌ఫ్రైయర్స్‌లో జరిగిన విచారణలో, మొదటి భర్త ఆర్థర్‌తో తనకు దాంపత్యం జరగలేదని ఆమె చెప్పిన మాటకు ఆ విలువ దక్కలేదు. చిన్న వయసులోనే చనిపోయిన ఆర్థర్ పెళ్లి మరునాడు ఏమన్నాడో ఆస్థానీకులు గుర్తుచేసుకుని చెప్పిన కబుర్లను ఆమె మాటకు పోటీగా నిలిపారు. ఆమె న్యాయాధికారులను వదిలి హెన్రీ ఎదుటే మోకరిల్లి, ఇది నిజమో కాదో నీ మనస్సాక్షికే వదిలేస్తున్నానంది. తరువాత లేచి వెళ్లిపోయింది, వెనక్కి రమ్మని బంట్రోతు పిలిచినా రాలేదు.

ఆ రోజుల్లోనే హెన్రీ, తాను పెళ్లాడాలనుకున్న ఆన్ బొలీన్‌కు రాసిన ఉత్తరాల్లో 17 వాటికన్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. ఒకదానిలో, నీ ఉత్తరాలకు అర్థం తెలియక బాధపడుతున్నాను, నీ మనసులో ఉన్నదంతా నాకు స్పష్టంగా చెప్పమని బతిమాలాడు. ఆమె రాసిన జవాబులు మిగలలేదు. ఒంటరి కన్య కూర్చున్న ఓడ బొమ్మతో, వజ్రంతో ఆమె ఒక నగ పంపిందని మాత్రం తెలుసు, అదీ అందినందుకు కృతజ్ఞత చెబుతూ రాజు తన ఉత్తరంలో రాసుకున్నాడు గనుక.