గడి అందంగానే ఉంది, నాన్న పేరే పట్టలేదు

మొన్న ఆదివారం నాన్న కంటి చెకప్ కోసం కడప నుంచి బెంగళూరు వచ్చారు. ఆసుపత్రి పేరు చెప్పను. ముందే ఆన్‌లైన్‌లో వివరాలు నింపితే క్యూ ఉండదని మెసేజ్ పెట్టారు. తెలుగు ఆప్షన్ కూడా ఇచ్చారు, ఆ మాట ఒప్పుకోవాలి. మారతహళ్లిలో మా బాల్కనీలో కూర్చుని నాన్న పేరు టైప్ చేస్తున్నారు, చెరిపేస్తున్నారు, మళ్లీ టైప్ చేస్తున్నారు. మూడోసారికి కేక వేశారు: "ఒరేయ్, ఇది మ వత్తు తీసుకోవట్లేదురా!"

వెళ్లి చూస్తే వత్తు పడుతూనే ఉంది, కనపడట్లేదంతే. నాన్న పేరులో 'లక్ష్మీ' ఉంది. కింద వేలాడే మ వత్తు గడి అంచు దగ్గర తెగిపోయి, తెర మీద 'లక్షీ' మిగిలింది. పేరు తప్పు పడితే ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బులివ్వరని ఆయన టెన్షన్. లాప్‌టాప్‌లో తెరిచి స్టైల్ షీట్ (పేజీ రూపురేఖలు రాసే ఫైలు) చూశా. గడి ఎత్తు 32 పిక్సెల్స్ అని బిగించేశారు. అందులో పైనా కిందా చెరో 8 పాడింగ్, అంటే ఖాళీ జాగా. బోర్డర్ కూడా పోగా మిగిలిన 14లో ఇంగ్లిష్ అక్షరం ఎలాగోలా దూరుతుంది. పైన గుడి, కింద వత్తు ఉన్న మన అక్షరం ఎక్కడికి పోవాలి? డిజైనర్లు వాడే ఫిగ్మాలో 'జాన్ డో' అని రాసి గీసిన గడి అది. హైట్ తీసేసి మిన్-హైట్ (కనీస ఎత్తు) పెట్టి ఉంటే గడి తనంతట తానే పెరిగేది. ఒక్క లైను మార్పు.

నేనూ ఫ్రంటెండ్ వాణ్ణే, అంటే పేజీలో కంటికి కనపడే భాగం రాసేవాణ్ణి, తొమ్మిదేళ్లయింది. అందుకే ఈ కోపంలో సగం నా మీదే. 2019లో, ఏ గడిలో ఉన్నామో చూపిస్తూ దాని చుట్టూ వచ్చే నీలం గీత డిజైన్‌ని పాడు చేస్తోందని 'ఔట్‌లైన్: నన్' అని రాసి పడేశా. మా టెస్టర్ మౌస్ ముట్టుకోరు, అంతా ట్యాబ్ కీతోనే. ఆవిడ ఫోన్ చేసి, "మీ ఫారంలో నేనెక్కడున్నానో నాకే తెలియట్లేదండీ" అన్నారు. ఇప్పుడు స్టైల్ షీట్‌లో ఫోకస్-విజిబుల్ అనే సదుపాయం ఉంది కాబట్టి బటన్‌ని మౌస్‌తో నొక్కితే గీత రాదు, ట్యాబ్‌తో వస్తే వస్తుంది. అయినా ఆ 'నన్' ఇంకా కాపీ పేస్ట్ అవుతూనే ఉంది.

అసలు ఈ జబ్బు పాతదే. స్టైల్ షీట్లు రాసే భాష సీఎస్ఎస్ మొదటి వెర్షన్ 1996 డిసెంబర్‌లో వచ్చింది. అప్పటికే పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో ఫారంలు ఉన్నాయి, కానీ వాటి గడులు, బటన్లు ఆపరేటింగ్ సిస్టమ్ గీసి ఇచ్చేవి. స్టైల్ షీట్ మాట అవి సగమే వినేవి. ఇప్పటికీ పేజీకంతా ఒక ఫాంట్ పెడితే ఇన్‌పుట్ గడి దాన్ని పట్టించుకోదు, 'ఫాంట్: ఇన్‌హెరిట్' అని విడిగా చెప్పాలి. ఇక లిస్టులోంచి ఒకటి ఎంచుకునే సెలెక్ట్ డబ్బా అయితే మొండిఘటం. దాంతో విసిగి మనవాళ్లు దాన్ని పీకేసి, డివ్‌లనే ఉత్త డబ్బాలతో సొంత డ్రాప్‌డౌన్ కట్టుకోవడం మొదలుపెట్టారు.

ఆ ఫారంలోనూ రాష్ట్రం ఎంచుకోవడానికి అలాంటిదే. అసలు సెలెక్ట్ అయితే ఫోన్ తన సొంత లిస్టు పెద్దగా చూపిస్తుంది, కంప్యూటర్‌లో ఒక అక్షరం కొడితే అక్కడికి దూకుతుంది. ఈ డివ్ డబ్బా సరిగ్గా స్క్రోల్ కూడా కాలేదు. అక్షర క్రమంలో ఆంధ్రప్రదేశ్ పైనే ఉంది కాబట్టి నాన్న బతికిపోయారు. తెలంగాణ వాళ్ల గతేమిటో!

రంగు కోసమే ఈ పాట్లయితే చెక్‌బాక్స్‌కి, రేడియో బటన్‌కి 'యాక్సెంట్-కలర్' చాలు, 2021 నుంచి క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో ఉంది. అసలు సెలెక్ట్‌నే నచ్చినట్టు అలంకరించుకునే 'బేస్-సెలెక్ట్' 2025లో క్రోమ్‌లోకి వచ్చింది. అది తెలియని బ్రౌజర్‌లో మామూలు సెలెక్టే కనిపిస్తుంది, పని ఆగదు. ఇవి చెబితే మా ఆఫీసులో డిజైనర్ "చూడ్డానికి ప్రీమియంగా ఉండదు బ్రో" అంటాడు. లేబుల్ తీసేసి, గడి లోపల కనపడి టైప్ చేయగానే పోయే లేత బూడిద రంగు ప్లేస్‌హోల్డర్ ఒక్కటే ఉంచడం ప్రీమియం అట. నాన్న సగం నంబర్ కొట్టాక "ఇది నా ఫోన్ నంబరా, ఆధార్ నంబరా?" అని అడిగారు. చూద్దామంటే ప్లేస్‌హోల్డర్ మాయం.

ఐఫోన్ సంగతి వేరే. గడిలో అక్షరం 16 పిక్సెల్స్ కంటే చిన్నదైతే సఫారీ పేజీనే జూమ్ చేసేస్తుంది. దానికి విరుగుడుగా కొందరు జూమే రాకుండా కట్టేస్తారు. కంటి ఆసుపత్రి ఫారంలో జూమ్ కట్టేయాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుందా? వచ్చింది, చూశాను.

చివరికి సోమవారం పొద్దున కౌంటర్ దగ్గరే నిలబడ్డాం. అక్కడమ్మాయి కాగితం ఫారం ఇచ్చింది. నాన్న బాల్‌పెన్‌తో రెండు నిమిషాల్లో నింపేశారు. మ వత్తు గడి కింది గీత దాటి బయటికి వచ్చింది. ఆ అమ్మాయి అలాగే చదువుకుని టోకెన్ ఇచ్చింది.